రెండు స్టేషనరీలు

సందేహం: పెన్నులు, రిజిస్టర్లు, కవర్లు కావాలని మా ఆఫీసులో ఇండెంటు రాసి పంపాను. ఇంగ్లీషులో నేను రాసిన 'స్టేషనరీ'లో 'ఏ' కాదు, 'ఈ' ఉండాలని పై అధికారి ఎర్ర సిరాతో చుట్టి వెనక్కి పంపారు. పలకడంలో లేని తేడా రాతలో ఎందుకు? తెలుగులో కూడా ఒకదాన్ని 'స్టేషనరీ' అనీ, ఇంకోదాన్ని 'స్టేషనెరీ' అనీ రాయాలా?

సమాధానం: అధికారిగారు చుట్టింది సరైన చోటే. చివరి 'ఆర్, వై'లకు ముందు 'ఈ' ఉంటే కాగితాలు, కలాలు వగైరా. 'ఏ' ఉంటే కదలకుండా ఉన్నది అని అర్థం. అంటే మీరు అడిగినవి కదలని వస్తువులు. బీరువాలు పంపలేదు, సంతోషించండి.

నిజానికి ఇవి ఒక తల్లి పిల్లలే. రెంటికీ మూలం నిలబడటం అనే అర్థమున్న లాటిన్ ధాతువు. మన 'స్థా' ధాతువు దానికి చుట్టమే. స్థానం, స్థితి, స్థిరం, స్థావరం అన్నీ అందులోంచి వచ్చినవే. మధ్యయుగాల ఐరోపాలో సరుకు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్ళే ఎక్కువ. విశ్వవిద్యాలయాల దగ్గర పుస్తకాలమ్మేవాళ్ళు మాత్రం ఒకచోట కొట్టు పెట్టుకుని కూర్చున్నారు. అందుకే వాళ్ళకు 'స్టేషనర్' అని పేరొచ్చింది. మన భాషలో చెప్పాలంటే మిగతావాళ్ళు జంగమాలు, వీళ్ళు స్థావరాలు. లండన్‌లో 1403లోనే వీళ్ళకొక సంఘం ఏర్పడింది, 1557లో దానికి రాజశాసనం కూడా దక్కింది. స్టేషనర్ అమ్మే సరుకు స్టేషనరీ అయింది. కదలనివాడి పేరుమీద వచ్చిన సరుకు చేతులు మారుతూ తిరగడం వేరే విషయం!

గుర్తుపెట్టుకోవడానికీ ఈ కథే చాలు. బేకర్ నుంచి బేకరీ వచ్చినట్టే స్టేషనర్ నుంచి స్టేషనరీ. మనిషిని చెప్పే మాట చివర 'ఈ, ఆర్' ఉంది కాబట్టి సరుకులోనూ 'ఈ' నిలిచింది. రెండోది విశేషణం. టెంపరరీ, ఆనరరీ లాంటి విశేషణాల్లో ఉన్నట్టే దాంట్లోనూ 'ఏ' వస్తుంది.

ఇక తెలుగు రాత. 'స్టేషనెరీ' అక్కర్లేదు. మన లిపి ధ్వనిని రాస్తుంది, ఇంగ్లీషు స్పెల్లింగును కాదు. ఆ భాషలోనే ఒకేలా పలికే మాటలకు మనం కొత్తగా తేడా కల్పించడం దేనికి?

పైగా తెలుగులో ఈ తికమక వచ్చే సందర్భాలే తక్కువ. 'ఏ' ఉన్న మాటను మనం అలాగే వాడటం అరుదు. ఆగి ఉన్న లారీ అంటాం, స్టేషనరీ లారీ అనం. అంతరిక్షం విషయంలోనూ 'జియోస్టేషనరీ ఆర్బిట్'కు 'భూస్థిర కక్ష్య' అనే మాట బాగా కుదిరింది. భూమధ్యరేఖకు సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఆ కక్ష్యలో ఉన్న ఉపగ్రహం సెకనుకు దాదాపు 3 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతూనే ఉంటుంది. భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరిగే సమయంలోనే అదీ ఒక చుట్టు పూర్తిచేస్తుంది కాబట్టి మనకు నిలిచినట్టు కనిపిస్తుంది, అంతే.

'ఈ' ఉన్నదాన్ని మాటల్లో స్టేషనరీ అనే అనండి, అందరికీ తెలుసు. ఇండెంటు తెలుగులో రాయాలనుకుంటే 'లేఖన సామగ్రి' అనండి. అక్కడ మాత్రం జాగ్రత్త. చాలామంది 'సామాగ్రి' అని రాస్తున్నారు, అది తప్పు. 'మ'కు దీర్ఘం లేదు. ఎర్ర సిరా మళ్ళీ దాని చుట్టూ తిరగొచ్చు.