రిటర్న్‌లో వేరే వస్తువు వస్తే అమ్మకందారు ఏం చేయాలి?

ఆన్‌లైన్‌లో అమ్మిన కొత్త చీరకు బదులు వాడి ఉతికిన పాత చీర రిటర్న్‌లో వచ్చిందని, ఆ నష్టాన్ని ఎలా రాబట్టుకోవాలని అడిగారు.

ఇలాంటి వివాదాన్ని తేల్చేది చాలావరకు మీరు ఆ పార్శిల్‌ను తెరిచే విధానమే. కత్తెర పెట్టకముందే ఫోన్‌లో వీడియో మొదలుపెట్టి, ప్యాకెట్టును అన్ని వైపులా తిప్పి చూపి, లేబుల్‌పై ఉన్న ట్రాకింగ్ నంబరు చదవగలిగేంత దగ్గరగా కెమెరాకు పెట్టి, తూకం వేసి, లోపలి వస్తువు పూర్తిగా విప్పేదాకా ఎక్కడా ఆపకుండా తీయాలి. మధ్యలో ఒక్కసారి ఆగినా ఆ వీడియోపై నమ్మకం సడలుతుంది. సరుకు పంపేటప్పుడూ ఇదే పద్ధతి పాటించాలి. మంగళగిరి చీరలు అమ్మే నేను, తెంపితే తప్ప ఊడిరాని, వరుస సంఖ్య ఉన్న ట్యాగును కొంగు చివర కడతాను. ఒకసారి ఆ ట్యాగు లేకుండా, కుచ్చిళ్ల దగ్గర పసుపు మరకతో చీర తిరిగొచ్చినప్పుడు నా క్లెయిమ్‌ను నిలబెట్టింది అదే.

ఆధారాలతో గడువులోగా, మీరు అమ్మే వెబ్‌సైటు వద్ద నష్టపరిహారం కోరుతూ క్లెయిమ్ వేయండి. అమెజాన్‌లో దీన్ని సేఫ్-టీ క్లెయిమ్ అంటారు. తిరస్కరిస్తే అప్పీలు చేయండి. ప్యాకెట్టు చిరిగి వస్తే, తీసుకునేటప్పుడే ఆ సంగతి నమోదు చేయించండి. మొత్తం పెద్దదైతే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసంగా పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు.

అయితే విసిగిపోయి రిటర్నులన్నిటినీ నిరాకరించడం కుదరదు: 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్న, నకిలీ అయిన, లేదా ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు.