పాత క్రేన్ లారీకి ఎయిర్ సస్పెన్షన్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా నాన్నగారు కొన్న 1960ల నాటి టాటా-మెర్సిడెస్ లారీ మా దగ్గర ఉంది. సరుకుల రవాణా మానేశాక దానికి వెనుక క్రేన్ కట్టించి, కాలువల్లోకి జారిన లారీలను, ట్రాక్టర్లను బయటికి లాగడానికి వాడుతున్నాము. తరువాతి కాలంలో ఎయిర్ బ్రేకులు కూడా పెట్టించాము. కమాన్లు (ఇనుప పట్టీల కట్టలుగా ఉండే స్ప్రింగులు) బిగుసుకుపోయి ఖాళీగా వెళ్లేటప్పుడు నడుము విరుగుతోంది. బండిని ఎత్తినప్పుడు మాత్రం వెనుక భాగం కూర్చుండిపోతోంది. అమెరికాలో పాత టోయింగ్ ట్రక్కులకు ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు బెలూన్లు) వేసి, మీట నొక్కగానే వెనుక భాగం దిగేలా, లేచేలా చేసుకుంటున్నారని చూశాము. మేమూ వెనుక కమాన్ కట్టలు తీసేసి బస్సుల ఎయిర్ బెలూన్లు నాలుగు వేసి, గాలిని బ్రేకు ట్యాంకు నుంచే ఇద్దామనుకుంటున్నాము. దీనివల్ల ఇంకా ఎక్కువ బరువు ఎత్తవచ్చునా? ముందు ఇరుసుకు కూడా వేయించాలా?
— ఒక క్రేన్ లారీ యజమాని, రావులపాలెం

జవాబు: బరువు సంగతి ముందుగా తేల్చుకుందాము, ఎందుకంటే మిగిలిన నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. ఎయిర్ సస్పెన్షన్ వేయించినంత మాత్రాన మీ లారీ ఇప్పటికంటే ఒక్క కిలో కూడా ఎక్కువ ఎత్తదు. కొక్కెం వెనుక ఇరుసుకు అవతల వేలాడుతుంది కాబట్టి, ఎత్తిన బరువు వెనుక ఇరుసును నొక్కడమే కాక ముందు ఇరుసును పైకి లేపుతుంది. ఇరుసుల మధ్య దూరం 4.2 మీటర్లు, వెనుక ఇరుసు నుంచి కొక్కేనికి 2.1 మీటర్లు అనుకోండి. మీరు 3 టన్నులు ఎత్తితే వెనుక ఇరుసు మీద 4.5 టన్నులు అదనంగా పడుతుంది, ముందు ఇరుసు మీద 1.5 టన్నులు తగ్గుతుంది. క్రేనుతో కలిపి ఖాళీ లారీ 7 టన్నులుండి, అందులో ముందు 2.8, వెనుక 4.2 పడుతున్నట్లయితే, బండిని ఎత్తాక ముందు 1.3 టన్నులే మిగులుతుంది, వెనుక 8.7 అవుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు ముందు ఇరుసు మోసే బరువులో కనీసం సగమైనా ఎత్తిన తరువాత కూడా దాని మీద ఉండాలన్నది టోయింగ్ పనిలో ఉన్నవారు పాటించే నియమం. ఆ లెక్కన ఈ లారీకి 2.8 టన్నులే హద్దు. మీ లారీని వేబ్రిడ్జి మీదికి తీసుకువెళ్లి ముందు ఇరుసును, వెనుక ఇరుసును విడివిడిగా తూయించి, ఇదే లెక్కను మీ కొలతలతో వేసుకోండి. ఆ కాగితం చేతిలో లేకుండా ఏ షెడ్డుకూ వెళ్లవద్దు.

ఇక్కడ ఒక అపాయాన్ని ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. కమాన్లున్న లారీ ఎక్కువ బరువు ఎత్తితే వెనుక కూర్చుంటుంది, ముందు లేస్తుంది, డ్రైవరుకు అది కంటికి కనిపించే హెచ్చరిక. ఎయిర్ సస్పెన్షన్‌లో లెవలింగ్ వాల్వు వెంటనే బెలూన్లలోకి గాలి పంపి వెనుక భాగాన్ని మామూలు ఎత్తుకు తెస్తుంది, కాబట్టి లారీ సమంగా నిలబడినట్లే ఉంటుంది. కానీ ముందు చక్రాల మీద బరువు తగ్గిన మాట మాత్రం తగ్గినట్లే ఉంటుంది. ఆ సంగతి స్టీరింగు వింత తేలికతో తిరిగినప్పుడు గానీ తెలియదు. రావులపాలెం వంతెన మీద వెనుక ఒక లారీని వేలాడదీసుకుని వెళ్తూ తెలుసుకోవలసిన విషయం కాదది.

ఇక కమాన్ కట్టలు తీసేయడం గురించి. కమాను కేవలం స్ప్రింగు కాదు. ఇరుసును ముందుకూ వెనుకకూ పక్కలకూ జరగకుండా పట్టి ఉంచేది అదే. బ్రేకు వేసినప్పుడు, గేరులో లాగినప్పుడు హౌసింగు (ఇరుసు తొడుగు) తిరగబడకుండా ఆపేది కూడా అదే. పట్టీకీ పట్టీకీ మధ్య రాపిడితో ఊగిసలాటను అణిచేది కూడా చాలావరకు అదే. ఎయిర్ బెలూను బరువు మోయడం తప్ప ఈ పనులలో ఒక్కటీ చేయదు. అందుచేత కమాన్లు తీసిన రోజున ఇరుసును పట్టి ఉంచడానికి రెండు వైపులా రేడియస్ రాడ్లు, హౌసింగు తిరగకుండా పైన టార్క్ రాడ్లు, పక్కకు జరగకుండా అడ్డంగా పాన్‌హార్డ్ రాడ్డు, ఊపును అణచడానికి కొత్త షాక్ అబ్జార్బర్లు, ఒరగకుండా యాంటీ రోల్ బారు అన్నీ కావాలి. వీటిలో ఏ ఒక్కటి వదిలేసినా ఆ లారీ గాలివానలో గోదావరి మీది పడవలా ఊగుతుంది. బెలూన్ల ఖరీదు చూసి పని చవక అనుకునేవారు ఈ రాడ్ల దగ్గరే మోసపోతున్నారు. బెలూను పగిలితే దారి పక్కన ఆగిపోతాము. రేడియస్ రాడ్డు బ్రాకెట్టు ఊడితే మాత్రం ఇరుసే పక్కకు తిరుగుతుంది.

మీ లారీ చేసే పనిని బట్టి నా సలహా ఇది: కమాన్లను పూర్తిగా తీయవద్దు. కట్టలను విప్పించి, విరిగిన పట్టీలు మార్పించి, తుప్పు గీకించి, పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు పెట్టించండి. కమాన్ల చివరలను చాసీకి పట్టి ఉంచే షాకిల్ పిన్నులు, బుష్షులు కొత్తవి వేయించండి. మీ నడుము నొప్పిలో సగం ఈ ఒక్క పనితోనే తగ్గవచ్చు, ఎందుకంటే తుప్పుతో ఒకదానికొకటి అతుక్కుపోయిన పట్టీలు స్ప్రింగులా కాక దిమ్మెలా పనిచేస్తాయి. ఆ తరువాత కింది పొట్టి పట్టీలు కొన్ని తగ్గించి, ఇరుసుకూ చాసీకీ మధ్య చెరొక బెలూను సహాయంగా పెట్టించండి. ఖాళీగా ఉన్నప్పుడు కమాన్లు మెత్తగా మోస్తాయి, ఎత్తినప్పుడు పడే అదనపు బరువును బెలూన్లు మోస్తాయి, ఇరుసు మాత్రం ఎప్పటిలాగే కమాన్ల పట్టులో ఉంటుంది. ఎన్ని పట్టీలు తగ్గించవచ్చో కమాన్ల పని తెలిసినవారు మీ తూకం కాగితం చూసి చెప్పాలి. బెలూను పగిలినా లారీ నెమ్మదిగా షెడ్డు దాకా చేరగలగాలి, దానికి తగిన పట్టీలు మిగిలి ఉండాలి, చాసీ ఇరుసుకు కొట్టుకోకుండా ఆపే రబ్బరు బంపు కూడా ఉండాలి.

బెలూను పరిమాణం ఎంచుకోవడంలో ఊహకు పని లేదు. లోపలి గాలి పీడనాన్ని బెలూను పనిచేసే వైశాల్యంతో గుణిస్తే అది మోసే బరువు వస్తుంది. పనిచేసే వ్యాసం 25 సెంటీమీటర్లయితే వైశాల్యం సుమారు 490 చదరపు సెంటీమీటర్లు; చదరపు సెంటీమీటరుకు 5 కిలోల పీడనంలో అది దాదాపు 2.45 టన్నులు మోస్తుంది. పై ఉదాహరణలో 8.7 టన్నుల నుంచి ఇరుసు, చక్రాల బరువు ఒక టన్ను తీసేస్తే 7.7 టన్నులు మిగులుతుంది. కమాన్లు లేకుండా రెండే బెలూన్లు దానిని మోయాలంటే 7.9 కిలోల పీడనం కావాలి, అంటే మీ బ్రేకు కంప్రెసరు శక్తి అంతా అక్కడికే సరిపోతుంది. కమాన్లు 4 టన్నులు మోసి, మిగతా 3.7 టన్నులు రెండు బెలూన్లు పంచుకుంటే 3.8 కిలోల పీడనం చాలు. గాలి నిండా ఎక్కినప్పుడు బెలూను చుట్టూ ఏ వైపూ చాసీకి గానీ టైరుకు గానీ బ్రేకు పైపుకు గానీ ఒక అంగుళం కంటే దగ్గరగా ఉండరాదు.

అయినా పూర్తి ఎయిర్ సస్పెన్షనే కావాలనుకుంటే, ఒక్కొక్క భాగాన్ని ఒక్కొక్క చోట ఏరుకుని కలపవద్దు. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న తుక్కు బస్సు నుంచి వెనుక సస్పెన్షన్‌ను రాడ్లు, బ్రాకెట్లు, షాకులు, లెవలింగ్ వాల్వుతో సహా మొత్తంగా తీసుకుని, దాని ఇరుసు సామర్థ్యం, చాసీ వెడల్పు మీ లారీకి సరిపోతాయో లేదో చూసి బిగించడం మేలు. ఆ భాగాలన్నీ ఒకదానికొకటి లెక్క వేసి చేసినవి. ఇరుసు ఎత్తు మారితే ఇంజను శక్తిని వెనుక ఇరుసుకు చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారి జాయింట్లు త్వరగా అరుగుతాయి కాబట్టి, కమాన్ల మీద ఖాళీ లారీ నిలబడే ఎత్తును పని మొదలుపెట్టే ముందే కొలిచి చాసీ మీద పెయింటుతో రాసి ఉంచండి.

పూర్తి మార్పులో మరొక చిక్కు ఉంది. బరువు కొక్కెం మీద ఉండగా బెలూన్లలో గాలి రెట్టింపుకు పైగా పెరిగి ఉంటుంది. ఆ సమయంలో వైరు రోపు తెగినా, బండి హఠాత్తుగా కింద పడినా, ఆ గాలి వెంటనే బయటికి పోలేదు. ఖాళీ అయిన వెనుక భాగాన్ని అది పైకి విసురుతుంది. ఇరుసు కిందికి వేలాడి బెలూను నోరు ఊడిపోకుండా షాక్ అబ్జార్బరు పొడవుతో గానీ, ఇరుసుకు కట్టిన గొలుసుతో గానీ ఆ విసురుకు హద్దు పెట్టాలి.

గాలి బ్రేకు ట్యాంకు నుంచే ఇస్తామన్నారు. నేరుగా ఇవ్వవద్దు, ఈ ఒక్క మాట మీద ఎవరు ఎంత నచ్చచెప్పినా వెనక్కి తగ్గకండి. బెలూను గొట్టం ఒకటి తెగితే క్షణాలలో బ్రేకుల గాలి కూడా పోతుంది. బెలూన్లకు వేరే ట్యాంకు పెట్టి, ఆ ట్యాంకుకు వెళ్లే దారిలో ప్రెషర్ ప్రొటెక్షన్ వాల్వు వేయాలి. బ్రేకు ట్యాంకులు తగినంత నిండిన తరువాతే అది తెరుచుకోవాలి, బెలూన్ల వైపు ఎంత కారినా బ్రేకుల గాలి ప్రమాద స్థాయికి దిగేలోపే మూసుకోవాలి. బిగించాక ఒకసారి పరీక్షించండి: ఇంజను ఆపి, చక్రాలకు అడ్డు వేసి, బెలూను గొట్టం ఊడదీసి గాలి అంతా వదిలేయండి. బ్రేకు గేజి ముల్లు కొంత దిగి ఒకచోట నిలబడాలి. నిలబడకపోతే ఆ లారీ షెడ్డు దాటరాదు.

చాసీ విషయానికి వస్తే, అంత పాత చాసీకి పై అంచుకు గానీ కింది అంచుకు గానీ బెజ్జం వేయకూడదు, అడ్డంగా వెల్డింగు చేయకూడదు. బ్రాకెట్లన్నీ నిలువు ముఖానికే, వీలైనంతవరకు పాత రివెట్ల బెజ్జాలలోనే, మంచి రకం బోల్టులతో బిగించాలి. అంతకంటే ముందు పగుళ్లు వెతకండి. కమాన్ బ్రాకెట్ల చుట్టూ మట్టి, పెయింటు గీకి, కిరోసిన్ పూసి పావుగంట ఆగి, గుడ్డతో పొడిగా తుడిచి, సుద్దపొడి రాయండి. పగులు ఉంటే లోపల దాగిన కిరోసిన్ సుద్దలోకి ఊరి, తల వెంట్రుకలాంటి తడి గీత కనిపిస్తుంది. క్రేన్ లారీలకు ఆ గీతలు ఎక్కువగా వెనుక కమాన్ల ముందరి బ్రాకెట్ల దగ్గర, క్రేన్ స్తంభం చాసీ మీద కూర్చున్న చోట వస్తాయి. గీత కనిపిస్తే సస్పెన్షన్ ఆలోచన పక్కన పెట్టి చాసీ పని చూడండి.

కాలువ గట్టు మీద పని చేసేటప్పుడు ఏ సస్పెన్షన్ మీదా, కమానైనా బెలూనైనా, బరువు వేలాడనివ్వకూడదు. అమెరికాలోని పెద్ద టోయింగ్ ట్రక్కులు ఎయిర్ సస్పెన్షన్ మీద పరుగెత్తుతాయి గానీ, లాగే ముందు జాకీ కాళ్లు నేలకు దించి, చాసీ బరువును వాటి మీదికి మారుస్తాయి. మీరు బెలూన్లలో గాలి వదిలి చాసీని రబ్బరు బంపుల మీద కూర్చోబెట్టి, ఆ తరువాత కాళ్లు దించండి. మన నల్లరేగడి గట్లు వానాకాలంలో కాళ్లను మింగేస్తాయి కాబట్టి కాళ్ల కింద వెడల్పాటి తాటి దూలాలు పరవాలి, గట్టు అంచుకు దూరంగా నిలబడాలి. 1916లో అమెరికాలోని చట్టనూగాలో టోయింగ్ ట్రక్కుకు రూపమిచ్చిన ఎర్నెస్ట్ హోమ్స్ పేరున వచ్చిన రెండు చేతుల క్రేన్లతో, ఒక చేతితో బండిని లాగుతూ రెండో చేతి తాడును అవతలి వైపు గట్టి ఆధారానికి కట్టి లారీ ఒరగకుండా ఆపేవారు. పక్కకు లాగేటప్పుడు అవతల తాడు కట్టే ఆ పద్ధతి మీ ఒంటి చేతి క్రేనుకు కూడా ఎంతో అవసరం.

ముందు ఇరుసుకు బెలూన్లు వద్దు. ఎత్తినప్పుడు తేలికయ్యే ఇరుసు అది. దానికి మంచి కమాన్లు, మంచి షాకులు చాలు.

ప్రశ్న: యాభై ఏళ్లు దాటిన లారీలకు వింటేజి రిజిస్ట్రేషన్ ఉందంటున్నారు. అలా చేయించుకుంటే సస్పెన్షన్ మార్చినా ఆర్టీవో కార్యాలయంలో అడ్డు చెప్పరా?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: 2021లో వచ్చిన వింటేజి నిబంధనలు సొంతానికి వాడే ద్విచక్ర వాహనాలకు, కార్లకు ఉద్దేశించినవి, లారీలకు కావు. పైగా చాసీ, ఇంజను వంటి వాటిలో పెద్ద మార్పులు జరగకుండా మొదటి రూపంలో ఉన్నవాటికే ఆ గుర్తింపు. మీకు వర్తించేది 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను: తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని అది చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దానిని గట్టిగా సమర్థించింది. అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించేలా అదే ఏడాది చట్టాన్ని సవరించారు. కాబట్టి పని మొదలుపెట్టే ముందే బొమ్మ గీయించి, తూకం కాగితాలు జతచేసి, రవాణా శాఖకు దరఖాస్తు పెట్టి, రాతపూర్వకమైన జవాబు తీసుకోండి. బీమా కంపెనీకి కూడా తెలియజేయండి. చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం జరిగిన రోజున మీకే అడ్డుపడుతుంది.

ప్రశ్న: మా టోయింగ్ వ్యానుకు సహాయక బెలూన్లు వేయించాము. రాత్రి నిలబెడితే తెల్లారేసరికి ఒక పక్క కుంగిపోతోంది. బెలూను మార్చాలా?
— ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: బెలూను మార్చే ముందు గొట్టాలను, జాయింట్లను, లెవలింగ్ వాల్వును చూడండి. సబ్బు నురగను బ్రష్షుతో ప్రతి జాయింటుకూ రాసి, బుడగ ఎక్కడ పెరుగుతుందో ఓపికగా గమనించండి. వరి చేల పక్కన నిలబెట్టే బండ్లకు ఎలుకలు నైలాన్ గొట్టాలు కొరకడం మామూలే, అందుచేత చాసీ వెంబడి వెళ్లే గొట్టాలను ఇనుప తొడుగులో నడిపించండి. సముద్రపు గాలి ఉప్పుకు బెలూను అడుగు పళ్లెం తుప్పు పట్టి, ఆ పొక్కులు రబ్బరును గీస్తాయి. కాలువ పని అయిన ప్రతిసారీ మంచి నీళ్లతో ఆ మడతల్లోని ఒండ్రు, ఇసుక కడిగించండి. మన ప్రాంతపు తేమకు ట్యాంకులో నీరు చేరడం ఎక్కువ కాబట్టి ఎయిర్ డ్రయ్యరు వేయించండి, అది ఉన్నా సరే ప్రతి సాయంత్రం డ్రెయిన్ వాల్వు తెరిచి చూడండి. అందులోంచి నీళ్లతోపాటు నల్లటి నూనె కూడా వస్తుంటే కంప్రెసరు రింగులు అరిగాయని అర్థం. ఆ నూనె చేరి వాల్వుల రబ్బరు ఉబ్బితే గాలి నిలవదు, అప్పుడు బెలూను ఎన్నిసార్లు మార్చినా బండి కుంగుతూనే ఉంటుంది.