చెరువుకు కంపెనీ డబ్బు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

బెంగళూరు పాఠకులు సీఎస్సార్ నిధుల (కంపెనీలు చట్టప్రకారం సమాజం కోసం ఖర్చు పెట్టాల్సిన డబ్బు) గురించి పంపిన ఉత్తరాల్లో అయిదింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మా పక్క చెరువు బాగు చేయడానికి ఒక కంపెనీ డబ్బిస్తామంది. తీరా "మీ సంఘానికి సీఎస్సార్ నంబరుందా?" అని అడుగుతోంది. మా అపార్టుమెంటు సంఘం రిజిస్టరైందే. అది చాలదా? (కె.ఆర్.పురం)

చాలదండీ. కంపెనీ ఈ డబ్బును బయటి సంస్థ చేతికివ్వాలంటే అది పబ్లిక్ ట్రస్టో, సొసైటీయో, లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీయో అయి ఉండాలి. దానికి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను తగ్గింపు) రిజిస్ట్రేషన్లు ఉండాలి. అదే తరహా పనిలో మూడేళ్ల అనుభవమూ చూపించాలి. ఆ తర్వాత కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో సీఎస్సార్-1 ఫారం వేస్తే నంబరొస్తుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇది తప్పనిసరి. అపార్టుమెంటు సంఘం సొంత సభ్యుల మేలు కోసం పుట్టింది గనుక మామూలుగా 12ఏ దగ్గరే ఆగిపోతుంది. హడావుడిగా కొత్త ట్రస్టు పెట్టినా మూడేళ్ల అనుభవం అడ్డొస్తుంది.

మీ ముందు రెండు దారులున్నాయి. నంబరుండి, చెరువుల పని చేస్తున్న ట్రస్టుతో కలవొచ్చు. అప్పుడు డబ్బు వాళ్లకు వెళ్తుంది, రోజువారీ పర్యవేక్షణ మీరు చూసుకుంటారు. ఎవరి బాధ్యత ఏమిటో కాగితం మీద పెట్టుకోండి. లేదంటే కంపెనీనే నేరుగా ఖర్చు పెట్టమనండి. కొటేషన్లు మీరు తెచ్చిస్తారు, బిల్లు కంపెనీ పేరునే వస్తుంది, చెల్లించేదీ కంపెనీయే. చిన్న పనులకు మా ఓటు రెండోదానికే.

ఏ దారిన వెళ్లినా ముందు కావలసింది చెరువు ఎవరి అధీనంలో ఉందో వాళ్ల రాతపూర్వక అనుమతి. నగర పాలికెదా (కార్పొరేషన్), బీడీఏదా (బెంగళూరు అభివృద్ధి సంస్థ), అటవీ శాఖదా, చిన్న నీటిపారుదల శాఖదా అన్నది సర్వే నంబరు పట్టుకుని విచారించండి. డబ్బు చేతికొచ్చాక అనుమతి కోసం తిరగడం మొదలుపెడితే ఏడాది అక్కడే గడిచిపోతుంది.

ప్రశ్న: కంపెనీ వాళ్లు ఫిబ్రవరిలో 500 మొక్కలు నాటిస్తారట, ఆ తర్వాత మీరే చూసుకోండి అంటున్నారు. ఒప్పుకోమంటారా? (మారతహళ్లి)

ఆ మాట మీద ఒప్పుకోకండి. ఫిబ్రవరిలో నాటితే జూన్ వానల దాకా సుమారు 16 వారాలు. వేరు పట్టని మొక్కకు వారానికి రెండు తడులు, తడికి 20 లీటర్లు వేసుకున్నా 500 మొక్కలకు 3 లక్షల 20 వేల లీటర్లు. అంటే 6,000 లీటర్ల ట్యాంకర్లు 54. నగరంలో ట్యాంకరు దొరకడమే కష్టమైన నెలలవి. అదే జూన్‌లో నాటితే వానలకు వేరు దిగుతుంది. డిసెంబరు నుంచి మే దాకా వారానికి ఒక్క తడి చాలు, 44 ట్యాంకర్లతో గట్టెక్కుతారు. పక్క అపార్టుమెంటు ఎస్టీపీలో (మురుగునీటి శుద్ధి కేంద్రం) బాగా శుద్ధయిన నీరు దొరికితే ఆ ఖర్చూ తగ్గుతుంది.

ఫిబ్రవరి తొందర ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31 వల్ల వస్తుంది. ఏడాది పనిగా ఒప్పుకున్న డబ్బు మిగిలిపోతే, కంపెనీ దాన్ని ఆరు నెలల్లోగా ప్రభుత్వం పేర్కొన్న నిధికి జమ చేయాలి. కానీ చట్టంలోనే దీనికి వెసులుబాటుంది. కంపెనీ బోర్డు మీ పనిని మొదట్లోనే "కొనసాగే ప్రాజెక్టు"గా ఆమోదిస్తే, మొదలైన ఏడాది కాక మరో మూడేళ్ల దాకా సాగొచ్చు. మిగిలిన డబ్బు ఏప్రిల్ 30లోగా ప్రత్యేక బ్యాంకు ఖాతాలోకి వెళ్తుంది, పని సాగుతున్నకొద్దీ అందులోంచి మీకొస్తుంది. మొక్క నిలదొక్కుకోవడానికి పట్టేదీ దాదాపు ఆ మూడేళ్లే. ఈ ఒక్క మాట తీర్మానంలో రాయించండి, మిగతావన్నీ దాని తర్వాతే.

మార్చిలోపు కొంత ఖర్చు కనబడాలంటే ఆ డబ్బుతో కంచె వేయించండి, నీటి పైపు లాగించండి, గుంతలు తవ్వించండి. పొడవు, వెడల్పు, లోతు రెండేసి అడుగులు. గుంతలు ఎండ తిన్నాక పైమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి పూడ్చాలి. నర్సరీకి మాత్రం అప్పుడే ఆర్డరివ్వండి. పదిలో ఒకటి పోతుందనుకుని 50 మొక్కలు అదనంగా చెప్పండి. నీటి అంచుకు తెల్లమద్ది, అత్తి. కాస్త ఎత్తులో నేరేడు, కానుగ (ఇక్కడి హొంగె). కట్ట మీద మాత్రం చెట్లు వద్దు. వేరు చచ్చి కుళ్లిన చోట మట్టిలో బొరియ పడి నీరు దారి చేసుకుంటుంది, కట్టలు తెగడానికి అదొక కారణం. ఖాళీగా ఉంది కదా అని గట్టునంతా మొక్కలతో నింపకండి. తీతువు గుడ్లు పెట్టేది అలాంటి బోసి నేల మీదే.

ప్రశ్న: కాపలాదారు, తోటమాలి జీతాలు "అడ్మిన్ ఖర్చు, 5 శాతం దాటకూడదు" అని కొట్టేశారు. నిజంగా అలా ఉందా? (హెబ్బాళ)

ఆ 5 శాతం మీ ప్రాజెక్టుకు సంబంధించింది కాదు. కంపెనీ తన సీఎస్సార్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే ఖర్చు, ఆ ఏడాది మొత్తం సీఎస్సార్ ఖర్చులో 5 శాతం మించకూడదన్నది నిబంధన. ప్రాజెక్టు రూపకల్పన, అమలు, పర్యవేక్షణ, మదింపుల కోసం నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదని నిర్వచనంలోనే ఉంది. చెరువు కాపలా అమలులో భాగం. బడ్జెట్‌లో "సిబ్బంది" అని ఒక్క ముక్క రాస్తే కొట్టేస్తారు. "ఉత్తరం గేటు కాపలా, 2 షిఫ్టులు, 36 నెలలు" అని రాస్తే నిలుస్తుంది. అడగడానికి మొహమాటపడకండి. చెరువులు ఎక్కువగా మళ్లీ పాడయ్యేది ప్రారంభోత్సవం అయిన ఏడాదికి, చూసే మనిషి లేకే.

ప్రశ్న: కంపెనీ వాళ్లు పెద్ద బోర్డు పెట్టమంటున్నారు. ఉద్యోగులు శనివారం వచ్చి చేసే పనినీ గ్రాంటులో కలుపుతామంటున్నారు. (బెళ్లందూరు)

కృతజ్ఞతగా చిన్న ఫలకం పెట్టొచ్చు, అదీ చెరువు యజమాని శాఖ ఒప్పుకుంటేనే. ప్రచార లాభం కోసం చేసే స్పాన్సర్‌షిప్ సీఎస్సార్ కిందికి రాదు. ఉద్యోగుల శ్రమను రూపాయల్లో లెక్కగట్టి సీఎస్సార్ ఖర్చులో చూపడమూ కుదరదు. వాళ్లు రావడం మంచిదే, గ్రాంటు మొత్తం మాత్రం తగ్గనివ్వకండి.

ప్రశ్న: గ్రాంటు డబ్బుతో ముందు పూడిక తీద్దామా, నడక దారి వేద్దామా? ప్రతి ఏటా చేపలు చచ్చి తేలుతున్నాయి. (వైట్‌ఫీల్డ్)

రెండూ ఆగొచ్చండీ. ముందు మురుగు ఎక్కడ కలుస్తోందో చూడండి. ఎండలు ముదిరాక పడే తొలి వానకు రాజకాలువలోని (పెద్ద వాననీటి కాలువ) మురుగంతా ఒక్కసారిగా చెరువులోకి వస్తుంది. అడుగు బురద కూడా కదిలి నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది. తెల్లవారుజామున చేపలు తేలేది అందుకే. మురుగు ఆగకుండా పూడిక తీస్తే రెండు మూడేళ్లకు మళ్లీ మొదటికే వస్తారు.

పూడిక లెక్క కూడా చూడండి. ఎకరంలో ఒక్క అడుగు మందం తీస్తే 43,560 ఘనపుటడుగులు, అంటే దాదాపు 1,230 ఘనపు మీటర్లు. పది ఘనపు మీటర్లు పట్టే టిప్పరుకు 120 ట్రిప్పుల పైమాటే. ఆ మట్టి పోసే చోటు ముందే ఖాయం కాకపోతే అది కట్ట పక్కనే కుప్పగా మిగిలి, వానకు మళ్లీ చెరువులోకే దిగుతుంది. తీసేటప్పుడు గిన్నెలా నిటారుగా తవ్వనివ్వకండి. అంచులు వాలుగా, లోతు తక్కువగా ఉంటేనే కొంగలు దిగి మేస్తాయి, జమ్ము, తుంగ మొలుస్తాయి.

చిన్న గ్రాంటుకు మేం చెప్పేది, కాలువ చెరువులో కలిసే మూతి దగ్గర మట్టి నిలిచే గుంత, దాని ముందు చెత్త ఆపే ఇనుప జాలీ. గుంతను ఏటా ఏప్రిల్, మే నెలల్లో ఖాళీ చేయాలి, అందుకే యంత్రం దిగడానికి వాలు దారి ఉంచండి. జాలీ దగ్గర చెత్త ప్రతి పెద్ద వాన తర్వాతా తీయాల్సిందే. తీయకపోతే నీరు వెనక్కి తన్ని పక్క వీధిలోని ఇళ్లలోకి వస్తుంది, కోపంతో ఎవరో ఒకరు జాలీనే కోసేస్తారు. కాబట్టి బడ్జెట్‌లో జాలీ ఖర్చు రాసిన వరుస కిందనే, దాన్ని శుభ్రం చేసే ఇద్దరి మూడేళ్ల కూలీ రాయండి.