స్లీవ్ కింద ఏముందో నీ ఒక్కదానికే తెలుస్తుంది

అమ్మలూ,

మీ నాన్న రాత్రి ఫోన్ చేసి, నువ్వు సోల్డరింగ్, కేబుల్ అసెంబ్లీ నేర్చుకోవడానికి చేరుతున్నావని చెప్పాడు. "నువ్వు చేసిన పనే చేస్తానంటోందక్కా" అన్నాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. సంతోషంతో కొంత, భయంతో కొంత. ఇరవై ఎనిమిదేళ్లు ఆ బెంచి ముందు కూర్చున్నాను, కానీ ఆ పని ఎలా చేస్తారని మన ఇంట్లో ఒక్కరూ అడగలేదు. నువ్వు అడగకముందే చెప్పేస్తున్నాను, విసుక్కోకుండా చదువు.

ముందు పొగ సంగతి. మిగతావన్నీ తర్వాత.

సోల్డర్, అంటే తీగల్ని అతికించడానికి కరిగించే లోహం, దాన్నుంచి లేచే పొగ సీసం పొగ అనుకుంటారు చాలామంది. కాదు. సోల్డరింగ్ ఐరన్ వేడి 350 డిగ్రీల దగ్గర ఉంటుంది, సీసం ఆవిరయ్యేంత వేడి కాదది. ఆ పొగ ఫ్లక్స్‌ది, అంటే సోల్డర్ లోహానికి పట్టేలా మురికిని తీసే మందుది. సోల్డర్ తీగ మధ్యలో సన్నటి గొట్టంలా ఫ్లక్స్ ఉంటుంది, ఎక్కువగా చెట్ల బంక నుంచి తీసిన రోజిన్. సీసం కాదు కదా అని తేలిగ్గా తీసుకున్నదాన్ని నేను. రోజిన్ పొగతో ఉబ్బసం రావచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, ఆ తర్వాత కొంచెం పొగ తగిలినా ఆయాసమే. నాకు అదే జరిగింది. ఆఖరి మూడేళ్లు నన్ను సోల్డరింగ్ బెంచి నుంచి తీసి క్రింపింగ్‌లో, అంటే తీగ చివర లోహపు టెర్మినల్ నొక్కి బిగించే పనిలో, కూర్చోబెట్టారు. నువ్వు చిన్నప్పుడు నా ఇన్‌హేలర్ పట్టుకుని ఆడుకునేదానివి, గుర్తుందా? అది దేనివల్లో నీకెప్పుడూ చెప్పలేదు.

పని దగ్గరగా చూడాలని మనం ముందుకు వంగుతాం, పొగ నిటారుగా లేస్తుంది, సరిగ్గా ముక్కు కిందికే వస్తుంది. కాబట్టి పొగను పక్కకు లాగి వడకట్టే ఫ్యాన్ నీ బెంచి మీద ఉందో లేదో మొదటి రోజే చూడు. లేకపోతే అడుగు. కొత్తగా చేరినదాన్ని, ఏమనుకుంటారో అని మొహమాటపడకు. కిటికీ తీశాం కదా, చాలదా అంటారు. చాలదు. మామూలు ఫ్యాన్‌ని పని మీదికే తిప్పి పెట్టుకున్నా లాభం లేదు, జాయింట్ చల్లారిపోతుంది. గాలి నీ వైపు నుంచి అటు పోవాలి.

ఇక సీసం. అది చేతుల నుంచి నోట్లోకి పోతుంది. పని మధ్యలో ఏదైనా తినాలన్నా, తాగాలన్నా లేచి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుని రా. రెండు చేతులూ ఖాళీ లేనప్పుడు సోల్డర్ తీగను పళ్ల మధ్య పెట్టుకునేవాళ్లు కనిపిస్తారు. వాళ్ల పని ఎంత బాగున్నా ఆ అలవాటు మాత్రం నేర్చుకోకు. జుట్టు ముడి వేసుకో. ఐరన్ చెయ్యి జారితే పట్టుకోబోకు, పడనీ. కంటికి అద్దాలు పెట్టుకో. పీసీబీ, అంటే విడిభాగాలు అతికించే పలక, దాని వెనక మిగిలిన విడిభాగాల కాళ్లు కత్తిరించినప్పుడు ఆ ముక్కలు ఎటు ఎగురుతాయో తెలియదు, రెండో చేత్తో అడ్డం పెట్టి కత్తిరించు. ఇంకోసారి చెబుతున్నాను, అద్దాలు.

సోల్డరింగ్ నేర్చుకోవడం నువ్వు భయపడేంత కష్టమేం కాదు. ఐరన్ మొన, అంటే టిప్, ఎప్పుడూ తెల్లగా, సోల్డర్ పూసి ఉండాలి. నల్లబడ్డ టిప్ వేడిని దాటనివ్వదు, అప్పుడు బలంగా అదుముతావు, ప్యాడ్, అంటే పీసీబీ మీద కాలిని అతికించే రాగి చోటు, ఊడి వస్తుంది. టిప్ ప్యాడ్‌కీ కాలికీ రెండింటికీ ఒకేసారి ఆనాలి. సోల్డర్‌ను టిప్‌కి కాకుండా అవతలి పక్కన, వేడెక్కిన లోహానికి తాకించు. ఒకటి, రెండు అనుకునేలోపు చిన్న గుండులా ఉన్న సోల్డర్ ఒక్కసారి మెత్తబడి, కాలి చుట్టూ తిరిగి, ప్యాడ్ అంచుదాకా పల్చగా పాకుతుంది. ఆ పాకడాన్ని చూడటం నేర్చుకో. ఎన్నేళ్లు చేసినా నాకు అది చూస్తే సంతోషమే. పాకలేదంటే వేడి చాలలేదు, లేదా మురికి ఉంది. అప్పుడు ఇంకొంచెం సోల్డర్ పెట్టి కప్పెయ్యాలనిపిస్తుంది. పెట్టకు. ఫ్లక్స్ పెట్టు.

ముందు సోల్డర్ తియ్యి, తర్వాత ఐరన్ తియ్యి, గట్టిపడేదాకా కదపకు. నేర్చుకునేటప్పుడు 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉన్న తీగ ఇమ్మని అడుగు. అది 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అక్కడే ఒక్కసారిగా గట్టిపడుతుంది. 60/40 అయితే మధ్యలో కాసేపు ముద్దలా ఉంటుంది, ఆ కాసేపట్లో చెయ్యి వణికితే జాయింట్ గరుకుగా, పగుళ్లతో మిగులుతుంది. దాన్నే డ్రై సోల్డర్ అంటాం. పైకి అతుక్కున్నట్టే ఉంటుంది.

2006 జూలైలో యూరప్‌లో ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసం మీద ఆంక్షలు అమల్లోకి వచ్చాయి. అక్కడికి వెళ్లే మా సరుకంతా సీసం లేని సోల్డర్‌కి మారింది. తగరంలో కాస్త వెండి, కాస్త రాగి కలిపిన తీగ అది, కరగడానికి 217 డిగ్రీలు దాటాలి. మొదటి వారం మాకు ఒక్క జాయింటూ నచ్చలేదు. మెరిస్తేనే మంచి జాయింట్ అని కళ్లు అలవాటుపడిపోయాయి, ఇది మాత్రం మంచిదైనా మబ్బుగానే ఉంటుంది. బాగున్న వాటిని కూడా మళ్లీ మళ్లీ కరిగించి పాడుచేశాం. కాబట్టి మెరుపును నమ్మకు. అంచు చూడు. సోల్డర్ లోహం మీద పల్చగా సాగి కలిసిపోయిందా, లేక నీటిబొట్టులా ఎత్తుగా నిలబడిందా, అది చూడు.

ఇప్పుడు కేబుల్. అసలు ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నది దీనికోసమే.

నేను పనిలో చేరిన రెండో ఏడు. ఒక మెషీన్‌లో అటూ ఇటూ కదిలే చెయ్యికి వెళ్లే కేబుళ్లు చేస్తున్నాం. 22 గేజ్ తీగ (గేజ్ అంటే తీగ లావు కొలత), లోపల ఏడు పోగులు. స్ట్రిప్పర్ మీద రెండు వరుసల్లో అంకెలుంటాయి. ఒక వరుస ఒంటి తీగకి, ఒక వరుస పోగుల తీగకి. ఒకే గేజ్ అయినా పోగుల తీగ కొంచెం లావుగా ఉంటుంది, దానికి కొంచెం పెద్ద రంధ్రం కావాలి. ఆ సాయంత్రం నేను చూసింది తప్పు వరుస. తీగ పెట్టి లాగితే ఇన్సులేషన్ ముక్క సాఫీగా ఊడొచ్చింది. కింద పడెయ్యబోతూ చూస్తే ఆ ముక్క లోపల రెండు పోగులు మెరుస్తున్నాయి. ఏడింట్లో రెండు తెగి దాంతో వచ్చేశాయి.

చెయ్యాల్సింది ఏమిటో తెలుసు. చివర కత్తిరించి మళ్లీ ఒలవాలి. కానీ కత్తిరిస్తే ఆ తీగ పొట్టిదైపోతుంది, బోర్డు మీద గీసిన గుర్తుదాకా రాదు. అంటే తీగ మార్చాలి, కట్టలు విప్పాలి, అరగంట పని. షిఫ్ట్ అయిపోవచ్చింది, అందరూ సామాను సర్దుకుంటున్నారు. నేను ఆ అయిదు పోగుల్నే మెలిపెట్టి, కనెక్టర్ కప్పులో సోల్డర్ చేసి, పైన హీట్ ష్రింక్ స్లీవ్, అదే వేడికి ముడుచుకునే గొట్టం, జరిపి, వేడి గాలి పట్టాను. స్లీవ్ బిగుసుకుంది. మిగతా వాటికంటే అదే అందంగా కుదిరింది. తీగలో కరెంటు దాటుతోందా అని చూసే బజర్ పెడితే మోగింది. బజర్‌దేముంది తల్లీ, ఒక్క పోగు మిగిలినా మోగుతుంది.

నాలుగు నెలలకి ఆ కేబుల్ తిరిగొచ్చింది. మెషీన్ ఆగి ఉంటే బాగుంటుంది, చెయ్యి కదిలితే లైను పోతుంది, మళ్లీ వస్తుంది. సోల్డర్ పోగుల్లోకి ఎంతదాకా పీల్చుకుందో అంతదాకా తీగ పుల్లలా బిర్రుగా అవుతుంది. ఆ పుల్ల అయిపోయి మెత్తటి తీగ మొదలయ్యే చోటే వంపంతా పడుతుంది. ఏడు పోగులు మొయ్యాల్సింది అయిదే మోశాయి, ఒక్కొక్కటిగా తెగాయి.

పరీక్ష చేసినట్టు స్లిప్ మీద సంతకం నాది కాదు. నా పక్క బెంచిలో కూర్చునే అక్కది. నాకు పని నేర్పింది ఆవిడే. సూపర్‌వైజర్ ఆవిణ్ణి పిలిచి నిలబెట్టి అడిగాడు. "నేను చూసినప్పుడు బాగానే ఉంది సార్" అంది. నిజమే చెప్పింది, స్లీవ్ కింద ఏముందో ఆవిడకెలా తెలుస్తుంది? నేను పక్కనే తల వంచుకుని తీగలు ఒలుస్తున్నాను. ఆ రోజు నోరు విప్పలేదు. మర్నాడూ విప్పలేదు. ఆవిణ్ణి పరీక్ష పని నుంచి తప్పించారు. మూడో రోజు నాతో మామూలుగానే మాట్లాడుతూ, నా ఐరన్ టిప్ నల్లబడిందని తనే తీసి తుడిచి పెట్టింది. ఇక ఉండబట్టలేక లేచి వెళ్లి సూపర్‌వైజర్‌కి చెప్పేశాను. ఆయన స్లీవ్‌ని బ్లేడుతో నిలువునా కోసి నా ముందు పెట్టాడు. ఏమీ అనలేదు. అక్కకి చెబుతుంటే ఏడుపొచ్చేసింది. ఆవిడ "ఆ రోజే చెప్పి ఉంటే నేనూ కూర్చునేదాన్ని కదే, ఇద్దరికీ కలిపి పావుగంట పని" అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆ వారమే నా స్ట్రిప్పర్ తీసుకుని, సరైన రంధ్రం పక్కన ఆకురాయితో సన్నగా గీత పెట్టి ఇచ్చింది.

కాబట్టి ఒలిచిన ప్రతిసారీ ఊడొచ్చిన ముక్క లోపల చూడు. తర్వాత పోగుల చివరలు వేలితో కొంచెం విప్పి, లెక్కపెట్టి, మళ్లీ మెలిపెట్టు. అనుమానం వస్తే స్లీవ్ వెయ్యకముందే పక్కవాళ్లని పిలువు. తిడతారు. తిట్టనీ.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. స్లీవ్ ముందే తీగకి ఎక్కించుకో, సోల్డర్ చేశాక గుర్తొస్తే జాయింట్ విప్పుకోవాల్సిందే. అలాగని వేడి జాయింట్ పక్కనే ఉంచకు, ముందే ముడుచుకుపోతుంది, దూరంగా జరిపి పెట్టు. క్రింపింగ్‌కి వెళ్లే పోగుల తీగకి సోల్డర్ పూయకు. నీటుగా ఉంటుందని పూస్తారు, స్క్రూ కింద బిగించే తీగకి కూడా. సోల్డర్ మెత్తటి లోహం, నొక్కుడు కింద నెమ్మదిగా జారుతుంది, కొన్నాళ్లకి పట్టు వదులై కాంటాక్ట్ వేడెక్కుతుంది. క్రింపింగ్ టెర్మినల్‌లో ముందు రెక్కలు పోగుల్ని పట్టుకోవాలి, వెనక రెక్కలు ఇన్సులేషన్‌ని పట్టుకోవాలి. రెండింటి మధ్య ఖాళీలో ఇన్సులేషన్ అంచూ, రాగీ రెండూ కనిపించాలి. ముందువైపు పోగుల కొసలు చూసీచూడనట్టు బయటికి రావాలి. టెర్మినల్‌కి సరిపోయే టూలే వాడు, కటింగ్ ప్లేయర్‌తో నొక్కినదాన్ని క్రింపింగ్ అనరు.

కనెక్టర్ బొమ్మ చూసేటప్పుడు అది ముందు నుంచి చూసినదా, తీగలు పెట్టే వెనక నుంచి చూసినదా అని ప్రతిసారీ అడుగు. అయిదు పిన్నుల కనెక్టర్‌ని తిరగేసి చూస్తే ఒకటో పిన్ అయిదో పిన్ చోటికి పోతుంది. రెండు చివరలా ఒకేలా తిరగేశావనుకో, బజర్‌కి అంతా సరిగ్గానే ఉంటుంది. కానీ లావు తీగలో పోవాల్సిన కరెంటు సన్న తీగలో పోతుంది. దీనికి నాకు బాగా భయం. బజర్ మోగాక కూడా తీగ రంగు, లావు కళ్లతో చూసి టిక్కు పెట్టు.

ఐపీసీ 620 అని కేబుళ్లకి ఒక ప్రమాణం ఉంది. అందులో మూడు క్లాసులు. మామూలు వస్తువులకి ఒకటి, ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేయాల్సినవాటికి రెండు, ఆగిపోతే ప్రాణాల మీదికి వచ్చేవాటికి మూడు. నువ్వు చేస్తున్న కేబుల్ ఏ క్లాసో, ఎక్కడికి వెళ్తుందో తెలుసుకుని చెయ్యి. తెలిస్తే చెయ్యి దానంతటదే జాగ్రత్తపడుతుంది.

వేళ్లు కాలితే కుళాయి కింద ఇరవై నిమిషాలు పెట్టు, ఏమీ పూయకు. మెడ నొప్పి వస్తుంది, గంటకోసారి లేచి అటూ ఇటూ నడువు. చీకట్లో పని చెయ్యకు, దీపం ఇంకొంచెం దగ్గరికి లాక్కో. నీ కళ్లు నీ చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు, రాత్రుళ్లు మంచం మీద పడుకుని చదివి పాడుచేసుకున్నావు.

మీ నాన్న చేత ఒక పొట్లం పంపుతున్నాను. అక్క గీత పెట్టిన స్ట్రిప్పర్ అందులో ఉంది. ఆ తర్వాత కొత్తవి చాలా కొన్నాను, దాన్ని మాత్రం పారెయ్యలేదు. బ్లేడ్లు ఇంకా బాగానే ఉన్నాయి, నిన్న ఒక తీగ మీద చూశాను. భూతద్దం కూడా పెట్టాను. మొదటి నెల నువ్వు చేసిన జాయింట్లు, క్రింపులు ఏవీ పారెయ్యకు, బాగున్నవీ పాడైనవీ అన్నీ ఒక డబ్బాలో వెయ్యి. వచ్చినప్పుడు ఆ డబ్బా తీసుకురా. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ కోసి చూద్దాం.

మీ అత్త