రోజంతా ఎండ పడే డాబాకి బిళ్ళగన్నేరే నయం

పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ పడే డాబా మీద గులాబీ రంగులో పూసే మొక్క కావాలి, ఒక్క సీజన్‌కే పోకూడదు అని అడిగారు కదా. నా ఓటు బిళ్ళగన్నేరుకే. నర్సరీల్లో వింకా అని అడిగితే చూపిస్తారు. దీని పుట్టిల్లు మడగాస్కర్ అయినా మన ఎండలకి అచ్చంగా మన ఊరి మొక్కలాగే నిలబడుతుంది.

మాది నరసరావుపేట. మే నెలలో మా డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. అక్కడే కుండీల్లో ఇది పూస్తూనే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఆకులు కాస్త ముడుచుకుంటాయి. కంగారుపడి నీళ్ళు పోసేయకండి, చల్లబడ్డాక వాటంతటవే విచ్చుకుంటాయి. చీకటి పడ్డాక కూడా వాలిపోయే ఉండి, మట్టి పొడిగా ఉంటే అప్పుడు పోయండి.

ఈ మొక్క ఎక్కువగా చచ్చేది ఎండకి కాదు, నీళ్ళకి. మా వైపు నల్లరేగడి తెచ్చి కుండీ నింపేస్తుంటారు. వానాకాలం వచ్చేసరికి అందులో నీళ్ళు దిగక వేరుకుళ్ళు పట్టుకుంటుంది. మొదలు దగ్గర కాండం నల్లబడి కొమ్మలు ఒక్కొక్కటే వాలిపోతాయి. చూసేవాళ్ళు ఎండిపోతోందనుకుని ఇంకో చెంబు పోస్తారు! అంతదాకా వస్తే పీకి పారేయడమే, ఆ మట్టిలో మళ్ళీ ఇదే పెట్టొద్దు. సగం ఎర్రమట్టి, పావు వంతు ఇసుక, పావు వంతు బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. కుండీ అడుగున చిల్లు తప్పనిసరి. వేలు పెట్టి చూసి పై అంగుళం మట్టి పొడిగా ఉంటేనే నీళ్ళు. యూరియా జోలికి పోవద్దు, ఆకులే ఏపుగా పెరిగి పూలు తగ్గిపోతాయి.

షుగర్ తగ్గుతుందని దీని ఆకులు నమిలేవాళ్ళు ఉన్నారు. ఆ పని మాత్రం చేయకండి. క్యాన్సర్ చికిత్సలో వాడే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ మందులు ఈ మొక్కలో దొరికినవే. అంత ఘాటు రసాయనాలున్న ఆకు ఇంట్లో కొలిచి తినేది కాదు. చిన్నపిల్లలుంటే కుండీ అందకుండా పెట్టండి.

పెద్ద పెద్ద పూల హైబ్రిడ్ రకాలు చూడ్డానికి ముద్దుగానే ఉంటాయి గానీ వానాకాలం దాటించడం టెన్షనే. పాత ఇళ్ళ ప్రహరీ పగుళ్ళలో మొలిచే నాటు రకమే మొండిది, పైగా ఊరికే దొరుకుతుంది. పువ్వు రాలాక జంటగా వచ్చే సన్నని కాయల్ని పసుపు తిరగ్గానే కోసేయండి, ఆలస్యమైతే పగిలి గింజలు రాలిపోతాయి. నల్లటి ఆ గింజలు చీకట్లోనే బాగా మొలుస్తాయి కాబట్టి పైన పలచగా మట్టి కప్పాలి.

మొక్క జానెడు ఎదిగాక చివర్లు తుంచితే గుబురుగా వస్తుంది. రెండు మూడేళ్ళకి మొదలు మానులా గట్టిపడి పూలు చివర్లకే పరిమితమవుతాయి. చలి తగ్గాక, కొన్ని ఆకులు ఉంచి, సగానికి కత్తిరించండి. అప్పటికి చుట్టూ రాలిన గింజల నుంచి పిల్లమొక్కలు కూడా లేచి ఉంటాయి, పాతది అలిసిపోతే వాటిలో ఒకదాన్ని ఎదగనివ్వొచ్చు.