రీఫండ్ తీసుకున్నాక కూడా మోడ్ వాడుకుంటున్నారు, కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్తే. మాది హనుమకొండ. బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. బస్సు నడిపే ఒక మొబైల్ గేమ్‌కు మోడ్లు, అంటే గేమ్‌లో కొత్త బస్సుల్లాంటివి కలిపే ఫైళ్లు చేసి నెలనెలా అమ్ముతుంటాను. మేడారం జాతర స్పెషల్ బస్సు మోడ్ 149 రూపాయలకు పెడితే బాగానే పోయింది. కానీ కొందరు డౌన్‌లోడ్ చేసుకున్న మర్నాడే ‘పనిచేయట్లేదు, పైసలు వాపస్ ఇవ్వండి’ అంటున్నారు. ఒకతను రీఫండ్ తీసుకున్న వారానికి అదే బస్సుతో వీడియో పెట్టాడు. ‘రీఫండ్ ఇవ్వబడదు’ అని రాసేస్తే సరిపోతుందా? అతని మీద చీటింగ్ కేసు పెట్టొచ్చా?

జవాబు: మీరు పంపిన స్క్రీన్‌షాట్లు చూశాను. ముందు అద్దం మీద మేడారం బోర్డు, సీటు పక్కన బంగారం మూట, అంటే మన బెల్లం, దాని గోనెసంచి కుట్లతో సహా కనిపిస్తోంది. ఇంత పని చేసినవాళ్లకు ఎంత కడుపు మండుతుందో అర్థమవుతుంది. అయినా ‘రీఫండ్ ఇవ్వబడదు’ అన్న ఒక్క లైను మిమ్మల్ని కాపాడదు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం లోపం ఉన్న సరుకుకు డబ్బు తిరిగి ఇవ్వననడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లో ఇవ్వాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనలు డిజిటల్ ఉత్పత్తులకూ వర్తిస్తాయి. ఎప్పుడో ఒకసారి సరదాగా అమ్ముకునే వ్యక్తికి ఆ నిబంధనల్లో మినహాయింపు ఉంది కానీ, నెలనెలా అమ్మే మీరు దాని మీద ఆధారపడొద్దు. ఇంకో సంగతి. కొన్నవాళ్లు తాము ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. ఆదిలాబాద్ నుంచి ఒకరు కేసు వేస్తే 149 రూపాయల కోసం మీరు అక్కడిదాకా తిరగాలి.

అయితే పనిచేయకపోవడం వేరు, నచ్చకపోవడం వేరు. మీరే మాట ఇస్తే తప్ప, నచ్చలేదన్నంత మాత్రాన డబ్బు ఇచ్చి తీరాలని ఈ చట్టం చెప్పదు. కాబట్టి డబ్బు కట్టే బటన్‌కు పైనే, ఏ గేమ్ వెర్షన్‌లో, ఎంత ర్యామ్ ఉన్న ఫోన్‌లో మోడ్ నడుస్తుందో తెలుగులో రాయండి. పనిచేయకపోతే స్క్రీన్ రికార్డింగ్ పంపమనండి. రీఫండ్ ఇచ్చిన క్షణం నుంచి వాడుకునే హక్కు పోతుందనీ, ఫైల్ తీసేయాలనీ స్పష్టంగా పెట్టండి. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో గేమ్ కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపు అయితే రీఫండ్ ఇస్తారు. దాన్ని దుర్వినియోగం చేస్తే ఆపేస్తామని కూడా రాసుకున్నారు. 2015 ఏప్రిల్‌లో అక్కడే స్కైరిమ్ అనే గేమ్‌కు మోడ్లు డబ్బుకు పెట్టినప్పుడు 24 గంటల రీఫండ్ ఇచ్చారు. వ్యతిరేకత వచ్చి కొద్దిరోజులకే ఆ అమ్మకమే ఎత్తేశారనుకోండి. లైసెన్స్ కీ, అంటే మోడ్ తెరవడానికి కొన్నవాళ్లకు ఇచ్చే కోడ్ పెట్టి, రీఫండ్ ఇచ్చాక దాన్ని రద్దు చేసుకోవచ్చు, కానీ ముందే చెప్పి చేయాలి. చెప్పకుండా ఎదుటివాళ్ల ఫోన్ పాడయ్యే కోడ్ పెడితే మాత్రం ఐటీ చట్టం 43వ సెక్షన్ కింద మీరే చిక్కుకుంటారు.

పిల్లల విషయంలో జాగ్రత్త. 18 ఏళ్లు నిండనివాళ్ల ఒప్పందం చెల్లదని 1903లోనే అప్పటి పైకోర్టు ప్రివీ కౌన్సిల్ తేల్చింది. నాన్న ఫోన్‌తో కొన్నాడని తండ్రి అడిగితే వాదనకు దిగకుండా తిరిగి ఇచ్చేయండి.

ఇక కేసు సంగతి. చీటింగ్ నిలబడాలంటే కొనేటప్పుడే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. వారం తర్వాతి వీడియో ఒక్కటే దానికి చాలదు. మధ్యలో ఫోన్ మార్చాడేమో, గేమ్ అప్‌డేట్ చేశాడేమో. అదే వ్యక్తి మూడు నాలుగు మోడ్లకు ఇలాగే చేసి ఉంటే మాట మారుతుంది. వీడియో లింక్, డౌన్‌లోడ్ లాగ్, పేమెంట్ ఐడీ, మెయిళ్లు దాచండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి కాబట్టి ఫోన్ ఫార్మాట్ చేయకండి. చీటింగ్ కంటే కాపీరైట్ దారి గట్టిది. ఎవరైనా మీ ఫైల్‌ను గ్రూపుల్లో పంచుతుంటే ఇంకా గట్టిది.

కానీ ఆ దారిలో ముందు మీ చేతులు శుభ్రంగా ఉండాలి. నాకు అసలు టెన్షన్ ఇక్కడే. మీ మెయిల్‌లో గేమ్ కంపెనీ అనుమతి గురించి ఒక్క ముక్క లేదు. చాలా కంపెనీలు మోడ్లను ఉచితంగా పంచుకోనిస్తాయి, అమ్మనివ్వవు. మీరు బొమ్మ సొంతంగా గీసినా, గేమ్ ఫైళ్లు మార్చి వాడితే 1957 కాపీరైట్ చట్టం కింద కంపెనీయే మిమ్మల్ని అడగొచ్చు. బస్సు మీద ఆర్టీసీ లోగో ఉంటే అదీ చూడాల్సిందే.

గేమ్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘ఒప్పుకుంటున్నా’ నొక్కిన ఆ షరతులు మొత్తం నాకు పంపండి. అవి చదివాకే అతనికి నోటీసు రాద్దాం. అప్పటిదాకా అమ్మకం ఆపండి. ఆ వీడియో కింద కామెంట్లలో అతన్ని దొంగ అని రాయకండి.