కోరినంతా నేర్పాలి: యాంటీబాడీ పేటెంటు రాస్తున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పంపిన అమెరికా దరఖాస్తు చిత్తుప్రతిని రెండుసార్లు చదివాను. ప్రయోగాలు ఎంతో శ్రద్ధగా చేశారు. నా దిగులంతా మొదటి క్లెయిము, అంటే హక్కుగా కోరేది ఇదీ అని చెప్పే వాక్యం, గురించే. ఒక ప్రోటీనుకు అతుక్కొని దాని పనిని ఆపే యాంటీబాడీలన్నిటినీ కోరారు, కాని అమైనో ఆమ్లాల వరుసతో సహా చూపినవి తొమ్మిదే. హక్కు కోరినంతా ఇతరులు చేయగలిగేలా వివరణ నేర్పాలి; దీన్నే ఎనేబుల్‌మెంట్ అంటారు.

2023 మే నెలలో ఆమ్‌జెన్, సనోఫీ అనే మందుల కంపెనీల వివాదంలో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ముందుగా చదువు. చెడు కొలెస్ట్రాల్ తగ్గడానికి పీసీఎస్‌కే9 అనే ప్రోటీనును అడ్డుకునే యాంటీబాడీల గురించిన కేసు అది. ఆమ్‌జెన్ 26 యాంటీబాడీల వరుసలు ఇచ్చి, అదే పని చేసే వర్గం మొత్తాన్ని కోరింది. మిగిలినవాటి కోసం కొత్త యాంటీబాడీలను పుట్టించి పరీక్షించుకోవచ్చనీ, లేదా తెలిసినవాటిలో కొన్ని అమైనో ఆమ్లాలను వాటిని పోలినవాటితో మార్చి మళ్లీ పరీక్షించుకోవచ్చనీ చెప్పింది. అది నేర్పడం కాదనీ, వెతుకులాటను ఇతరులకు అప్పగించడమేననీ న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. మీ వివరణలో నాకు కనిపించినదీ సరిగ్గా అదే వెతుకులాట.

అలాగని ఏ ప్రయోగమూ మిగలకూడదని చట్టం అనదు. ఆ రంగంలో ప్రావీణ్యం ఉన్నవారు మితిమీరిన ప్రయోగాలు లేకుండా తయారుచేసి వాడగలిగితే చాలు. 1988 నాటి వాండ్స్ కేసులో యాంటీబాడీల దరఖాస్తుదారులే నెగ్గారు, ఎందుకంటే వారి పరీక్షలు ఆ రంగంలో మామూలుగా చేసేవే. అయితే జీవశాస్త్రంలో ఒకచోట పనిచేసినది మరొకచోట పనిచేస్తుందన్న భరోసా తక్కువ. జన్యువుల పనిని అణచే పద్ధతిని ఇ. కోలై బాక్టీరియాలో మాత్రమే చూపి, అన్ని కణాల్లోనూ దానిపై హక్కు కోరిన ఎంజో సంస్థ 1999లో ఓడిపోయింది ఇందువల్లనే.

కాబట్టి ఆ తొమ్మిదింటికీ ఉమ్మడిగా ఉన్న నిర్మాణ లక్షణం ఏదైనా ఉందేమో వెతికి, ఉంటే క్లెయిమును దానికి ముడిపెట్టు. ఒక్కొక్క వరుసకూ విడిగా ఇరుకైన క్లెయిములు కూడా రాయి. మాటల్లో చెప్పలేని కణజాతి ఉంటే పేటెంట్ల కోసం జీవపదార్థాన్ని జమచేయడం గురించిన అంతర్జాతీయ బుడాపెస్ట్ ఒప్పందం గుర్తించిన భాండాగారంలో జమచేయించు.

తేదీ సంగతి మరువకు. ఎనేబుల్‌మెంట్‌ను దాఖలు చేసిన నాటి వివరణతోనే తూచుతారు, ఆ తరువాత కొత్త విషయం చేర్చనివ్వరు. నా తొలి రోజుల్లో ఒక పరిశోధకురాలి తరఫున దరఖాస్తు రాస్తూ, ఎలుక కణాల ఫలితాలతోనే క్షీరదాలన్నిటినీ కోరాను. మిగతా ఫలితాలు వచ్చేసరికి అవి ఆ దరఖాస్తుకు పనికిరాలేదు, ఆ క్లెయిము నిలవలేదు. ఆ పరిశోధకురాలి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఈ ప్రయోగాల్లో పాలుపంచుకోని మీ ప్రయోగశాల సహచరులొకరికి చిత్తుప్రతి ఇచ్చి, ఇది మాత్రమే చూసి పదో యాంటీబాడీని ఎలా చేస్తారని అడుగు. వారు ఆగిన ప్రతిచోటా గుర్తుపెట్టి, అక్కడ సరిదిద్దిన తరువాతే నాకు పంపు.